తొట్టిలో తేలే మొక్క: పేరు తెలియనిదే చేయి పెట్టవద్దు



ఇవాళ మీతో ఒక చిన్న మొక్క సంగతి మాట్లాడతాను. వేలెడంత లేదు గాని, పేరు పొరబడితే చెరువును ముంచుతుంది, పశువుకు చెరుపు చేస్తుంది. అందుకని కొంచెం ఓపికగా వినవలసిందని మనవి.

పోయిన దసరా వెళ్ళిన నాలుగో రోజున నాచారం నుంచి ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చారు. చేతిలో గాజు సీసా, సీసాలో సగం నీళ్ళు, నీళ్ళమీద నాలుగైదు ఆకుపచ్చని రేకులు. వారి పెరట్లో సిమెంటుతో కట్టించిన కలువ తొట్టి ఉన్నది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు. ఎండాకాలంలో ఒక నర్సరీ నుంచి కలువ కుండీ తెచ్చి అందులో దింపారు. కుండీ వెంట ఈ మొక్క కూడా వచ్చింది. మొదట రెండు రేకులే. 'ముచ్చటగా ఉన్నది, ఉండనీ' అని ఊరుకున్నారు. వానకాలం గడిచేసరికి తొట్టి నిండిపోయింది. కలువ ఆకు పైకి రావడానికి చోటు లేదు. తెల్లవారుజామున చేపలు మీదికి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

వారి వెనకనే, వారింటికి పాలు పోసే అతను కూడా వచ్చాడు. ఉప్పల్ దాటిన తరువాత మూసీ ఒడ్డున పారాగడ్డి కోసి ఆరు బర్రెలను మేపుకునే మనిషి.

"సారూ, ఇది అజొల్లానే గద? మా బామ్మర్ది ఫోన్ల చూపిచ్చిండు. బర్రెలకు పెడితే పాలు పెరుగుతయంట. అయ్యగారు ఎట్లాగూ పారేస్తనంటున్నరు. గంపలకు ఎత్తుకొని పోతా" అన్నాడు.

పెద్దమనిషి, "పేరు నాకూ తెలియదండీ. అతనికి పనికివస్తే సంతోషం. లేకపోతే మా పెద్దచెరువులో వేయించేస్తాను" అన్నారు.

ఇద్దరూ మంచి మనసుతోనే చెప్పారు. కాని రెండు మాటల్లోనూ ప్రమాదం ఉన్నది. పేరు తెలియని మొక్కను ఒకరు పశువు నోట పెట్టబోతున్నారు, మరొకరు పది మంది చెరువులో కలపబోతున్నారు. "రెండూ ఆపండి. ముందు దీని పేరు తేల్చుకుందాం" అన్నాను.

పేరు తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక తెల్లని పళ్ళెం, శుభ్రమైన నీళ్ళు, అక్షరాలను పెద్దవి చేసి చూపే అద్దం ఒకటి చాలు. ఆ రోజు మేము చూసిన వరుసలోనే మీకూ చెపుతాను. మీ కుంటలో, తొట్టిలో, మడిలో తెలియని మొక్క తేలినప్పుడు ఇదే వరుసలో చూడండి.

మొదటిది: అసలు అది మొక్కా, పాచియా? చేతిలోకి తీసుకోండి. జిగటగా, దారాలు దారాలుగా సాగితే అది నాచు. నీటిమీద ఆకుపచ్చ రంగు పోసినట్టు పరచుకొని, చేతికి అందకుండా చెదిరిపోతుంటే అది సూక్ష్మమైన నీలి ఆకుపచ్చ పాచి. అందులో కొన్ని జాతులు విషాన్ని వదులుతాయి. అటువంటి నీళ్ళు పశువులకు తాగించకూడదు. ఆకూ వేరూ విడిగా కనిపిస్తేనే రెండవ మెట్టు ఎక్కండి.

రెండవది: పరిమాణం. పళ్ళెంలో నీళ్ళు పోసి మొక్కను వదలండి. బొంబాయి రవ్వ చల్లినట్టు ఉండి, వేళ్ళ మధ్య నలిపితే గింజల్లా తగిలి, వేరు అనేదే లేకపోతే అది ఉల్ఫియా. పూసే మొక్కలన్నిటిలో ఇంతకంటె చిన్నది లేదు. పెసరపప్పు బద్దంత ఆకు ఉండి, ఆకు అడుగున ఒక్కటంటే ఒక్కటే వేరు దారంలా వేలాడితే అది లెమ్నా. దానికంటె కొంచెం పెద్ద ఆకు, అడుగున ఊదారంగు, వేళ్ళు గుత్తిగా ఉంటే స్పైరోడెలా. ఈ మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. బాతులు, కోళ్ళు, గడ్డిచేపలు వీటిని తింటాయి. శుభ్రమైన నీటిలో పెరిగినవైతే భయం లేదు.

మూడవది: ఆకుల అమరిక. మొక్క ముక్కోణంగా, అంగుళం లోపున ఉండి, చిన్న చిన్న ఆకులు చేప పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి కప్పుకొని, కొమ్మలు ఈకలా చీలి, అడుగున సన్నని వేళ్ళు వేలాడితే అది అజొల్లా. ఎండ ఎక్కువైనా, చలి ఎక్కువైనా, భాస్వరం చాలకపోయినా ఎర్రబారుతుంది. ఎర్రని తివాచీ పరిచినట్టు కనిపిస్తుంది. దాని ఆకు పొరలో ఒక చిన్న గది ఉంటుంది. ఆ గదిలో అనబీనా అనే సూక్ష్మజీవి కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. అందుకే చీనా, వియత్నాం రైతులు తరతరాలుగా దీన్ని వరిమడిలో పెంచుతూ వచ్చారు.

నాలుగవది: ఆకు మీద వెండ్రుకలు. ఇక్కడే మన ఇద్దరు పెద్దమనుషులూ, పక్కనున్న నేనూ సీసాలోని మొక్కను పళ్ళెంలో వేసి వంగి చూశాము. ఆకులు పొలుసుల్లా లేవు. జంటలు జంటలుగా ఉన్నాయి. గోరంత మొదలు రూపాయి నాణెమంత వరకు ఉన్నాయి. ఇరుకుగా పెరిగినచోట మధ్య ఈనె దగ్గర మడతపడి పుస్తకంలా నిలబడ్డాయి. పైన నీటిచుక్క వేస్తే ముత్యంలా దొర్లి జారిపోయింది. అడుగున వేళ్ళలా గోధుమరంగు కుచ్చు ఉన్నది. అది వేరు కాదు. నీటిలో మునిగి ఉండి వేరు పని చేసే మూడవ ఆకు. అద్దం పెట్టి ఆకు పైభాగం చూడమన్నాను. వరుసలు వరుసలుగా వెండ్రుకలు. ఒక్కొక్క కాడమీద నాలుగు వెండ్రుకలు విడిపోయి, చివర మళ్ళీ ఒకచోట కలిసి, మజ్జిగ చిలికే కవ్వం తలలా కనిపించాయి.

పాలతను అద్దంలోనుంచి తల ఎత్తకుండానే, "అవు సారూ, కవ్వమే! ఇట్లాంటిది అజొల్లాకు ఉండదా?" అని అడిగాడు.

ఉండదు. ఆ కవ్వమే గుర్తు. అది సాల్వీనియా. పుట్టిన చోటు దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ ఆగ్నేయ ప్రాంతం. అందం కోసం తోటలకు, చేపల తొట్లకు తెచ్చుకుంటే ప్రపంచమంతా పాకింది. కేరళలో కాలువలను, వరిపొలాలను కప్పేసి పడవలు నడవనీయలేదు. పశువు దీన్ని ఇష్టంగా తినదు, తిన్నా సరిగా అరగదు. అజొల్లా అనుకొని గంపలకెత్తుకుపోతే పాలు పెరగవు సరికదా, గంప కడిగిన నీళ్ళతో ఆ కలుపు మీ కుంటకు కూడా చేరుతుంది.

మిగిలిన రెండు పెద్ద మొక్కలనూ చెప్పి ఈ వరుస ముగిస్తాను. చిన్న క్యాబేజీ పువ్వు నీటిమీద పెట్టినట్టు, కాడ లేకుండా, మఖమలులాంటి ఆకులు గుండ్రంగా విచ్చుకొని ఉంటే అది అంతరతామర. అందులో సూదుల్లాంటి సున్నపు స్ఫటికాలు ఉంటాయి. నోరు, గొంతు దురద పెడతాయి. పశువులకు పచ్చిగా వేయకూడదు. దాని వేళ్ళను అంటిపెట్టుకొని బోదకాలు వ్యాధిని మోసే ఒక జాతి దోమ పిల్లలు పెరుగుతాయి. ఇక ఆకుకాడ ఉబ్బి బుడగలా ఉండి, ఊదారంగు పూలగుత్తి పూసి, పై రేకున పసుపు మచ్చ ఉంటే అది మీకందరికీ తెలిసిన గుర్రపుడెక్క. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు వంటి నగరపు చెరువుల పక్కన ఉండేవారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. మురుగు కలిసినచోట దీనికి విందు భోజనమే. ఇదీ ఎవరో పూల అందం చూసి తెచ్చుకున్నదే. 19వ శతాబ్దం చివర బెంగాలులో అడుగుపెట్టింది. 1936 నాటికి దాన్ని అరికట్టడానికి అక్కడ ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది.

పేరు ఇంత పట్టుదలగా చూడటం దేనికి, పీకి పారేస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. పేరు తప్పితే మందు తప్పుతుందని లోకానికి నేర్పింది ఈ సాల్వీనియానే. చాలా ఏళ్ళు పండితులు కూడా దీన్ని దగ్గరి చుట్టమైన మరొక సాల్వీనియా జాతిగా పొరబడ్డారు. ఆ చుట్టం ఊళ్ళో దొరికిన పురుగులను తెచ్చి ఆఫ్రికాలో వదిలితే అనుకున్న ఫలితం రాలేదు. 1972లో మిచెల్ అనే శాస్త్రజ్ఞుడు ఇది వేరే జాతి అని తేల్చి కొత్త పేరు పెట్టాడు. తరువాత దాని అసలు పుట్టినిల్లు బ్రెజిల్‌లో కనిపించింది. ఆ పుట్టింట్లోనే దాన్ని తినే రెండు మిల్లీమీటర్ల నల్లని ముక్కుపురుగు దొరికింది. 1980లో ఆస్ట్రేలియాలోని మూండర్రా జలాశయంలో ఆ పురుగును వదిలితే, ఏడాది దాటిన కొద్దికాలానికే వేల టన్నుల కలుపు కుళ్ళి మునిగిపోయింది.

అక్కడినుంచి ఆ పురుగు మన దేశానికి వచ్చింది. 1983-84లో బెంగుళూరులో దీన్ని వదిలిన చోటు ఏది అనుకున్నారు? ఒక కలువ కొలను. మన నాచారం తొట్టివంటిదే, కాస్త పెద్దది. 11 నెలల్లో సాల్వీనియా నశించింది, అణిగిపోయిన కలువలు మళ్ళీ తేరుకున్నాయి. ఆ తరువాత కేరళ కాలువల్లోనూ అది పనిచేసింది. ఇటీవల మధ్యప్రదేశ్‌లోని కట్నీ జిల్లాలో ఒక ఊరి చెరువులో జబల్‌పూర్ కలుపు పరిశోధన సంస్థవారు 2019 చివర వదిలితే సుమారు ఏడాదిన్నరలో చెరువు తేటపడింది. ఈ పురుగు సాల్వీనియాను తప్ప వరిని గాని, కలువను గాని ముట్టదు. అట్లాగే గుర్రపుడెక్కకు వేరే ముక్కుపురుగులు ఉన్నాయి. ఎవరి పురుగు వారిదే. దీని పురుగును దానిమీద వదిలితే ఆకలితో చస్తుంది. చూశారా, పేరు ఎంత పని చేస్తుందో!

మరి నాచారం తొట్టికి పురుగు కావాలా? అక్కరలేదు. చిన్న తొట్టికి చేయి చాలు. సాల్వీనియాలో ఒక మేలు ఉన్నది. ఇది మొలకెత్తే బీజం వేయదు, తునకలతోనే పెరుగుతుంది. తునక మిగలకుండా తీస్తే కథ ముగిసినట్టే. గుర్రపుడెక్క అట్లా కాదు. దాని గింజ బురదలో ఏళ్ళ తరబడి పడి ఉండి మళ్ళీ మొలుస్తుంది.

ఆ రోజు వారికి చెప్పిన పద్ధతి ఇది. మొదట తొట్టి నీళ్ళు పొంగి పోయే గొట్టానికి సన్నని జాలీ కట్టండి. వాన పడి తొట్టి పొర్లితే ఒక్క రేకు కాలువలో పడినా చాలు. వీధి కాలువ చెరువుకు, పై చెరువు అలుగు కింది చెరువుకు, చివరికి అన్నీ మూసీకి. తరువాత దోమతెర గుడ్డతో గరిటెలా చేసి రోజుకు కొంత చొప్పున మూడు రోజుల్లో తీసేయండి. తీసినది నీటికి దూరంగా, పొడి నేలమీద, ఎండలో పల్చగా ఆరబోసి, గలగలలాడేదాకా ఎండనివ్వండి. ఆ తరువాత గుంటలో పూడ్చండి. మూడు రోజులకొకసారి కలువ ఆకుల అడుగున, కుండీ అంచుల్లో వెదకండి. నెలపాటు ఒక్క రేకు కూడా కనపడకపోతే అప్పుడు గెలిచినట్టు. కలుపుమందు మాత్రం నీటిలో చల్లవద్దు. మొక్క అంతా ఒక్కసారి చచ్చి కుళ్ళితే నీటిలో ప్రాణవాయువు తరిగి చేపలన్నీ తేలిపోతాయి. మందు మిగులు ఎక్కడికి పోతుందో మీ చేతిలో ఉండదు.

ఆలస్యం చేయకూడదని కూడా చెప్పాను. వారానికి రెట్టింపయ్యే మొక్క ఒకటి ఉంటే పది వారాలకు 1,024 అవుతుంది. లెక్క వేసి చూసుకోండి. ఇవాళ తొట్టి సగం నిండిందంటే మిగతా సగానికి గడువు వారం రోజులే. సగం నిండేదాకా ఊరుకున్నవారు ఆ వారంలోనే ఓడిపోతారు.

ఇక పాలతని సంగతి. ఆశపడి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపలేము కదా. "నీకు అజొల్లా కావాలంటే పెంచుకో, కష్టం కాదు" అన్నాను. మీరూ రాసుకోండి. నీడపట్టున రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల మడి ఇటుకలతో కట్టి, మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవండి. జల్లించిన మట్టి 10 నుంచి 15 కిలోలు సమంగా చల్లండి. రెండు కిలోల పెండ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు పది లీటర్ల నీళ్ళలో కలిపి పోయండి. నీరు జానెడు లోపు, సుమారు 10 సెంటీమీటర్లు నిలవాలి. నమ్మకమైన చోటునుంచి తెచ్చిన అజొల్లా అర కిలో నుంచి కిలో వరకు వదలండి. పది పదిహేను రోజుల్లో మడి నిండుతుంది. అప్పటినుంచి రోజుకు అర కిలో చొప్పున తీయవచ్చు. అయిదు రోజులకొకసారి కిలో పెండ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు వేస్తూ ఉండాలి. మన ఎండాకాలానికి నీడవల తప్పనిసరి. తీసినదాన్ని రెండు మూడు నీళ్ళలో పెండవాసన పోయేదాకా కడిగి, మొదట కొంచెంగా దాణాలో కలిపి అలవాటు చేయండి. అలవాటైనాక బర్రెకు రోజుకు కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా పెట్టవచ్చు. అజొల్లాలో నూటికి తొంభై వంతులకు పైగా నీరే. గడ్డి, దాణా మానేసి ఇదొక్కటే పెడితే పశువు చిక్కిపోతుంది. ఆరు బర్రెలకు ఒక్క మడి చాలదు. ఒకటి కుదిరాక మరొకటి వేసుకోవాలి.

అతను అన్నీ విని, "మూసీ నీళ్ళు పెడితే ఇంకా జోరుగా పెరుగుతదేమో సారూ?" అన్నాడు.

పెరుగుతుంది. అదే భయం. లెమ్నా, అజొల్లా, గుర్రపుడెక్క, ఇవన్నీ నీటిలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చి తమలో దాచుకుంటాయి. మురుగు, కార్ఖానాల నీరు కలిసే చోట తేలిన ఏ మొక్కనైనా, పేరు మంచిదే అయినా, పశువుకు పెట్టవద్దు. ఆ ఎరువు కూరగాయలకూ వేయవద్దు. మడికి బోరునీళ్ళే పెట్టాలి.

అప్పుడతను ఒక మాట అడిగాడు. "మరి పారాగడ్డి ఆ నీళ్ళతోనే పెరుగుతది గద సారూ? మా తాతల కాలం కెల్లి అదే కోస్తున్నం."

ఆ ప్రశ్న న్యాయమైనది. నేను తప్పించుకోలేదు. గడ్డి వేరు మట్టిలో ఉంటుంది, కొంత లోహం మట్టిలోనే చిక్కుకుంటుంది. అయినా గడ్డిలోకీ కొంత ఎక్కుతుంది. తేలే మొక్క వేరు నేరుగా నీటిలోనే ఉండి ఆ నీటినే పీలుస్తుంది. పారాగడ్డికి ముప్పు లేదని నేననను. మూసీ ఒడ్డున వందల కుటుంబాలు ఆ గడ్డిమీద, ఆ పాడిమీద బతికాయి. నది శుద్ధి కావడం ఒక్క రైతు చేతిలో లేదు. కాని ఉన్న ముప్పు పక్కన మరొక ముప్పు తెచ్చి పెట్టుకోకుండా ఉండటం నీ చేతిలో ఉన్నది. గడ్డిని బురద లేకుండా కడిగి వేయి, వీలైనంత వేరే మేత కలుపు, అజొల్లాకు మంచి నీళ్ళు పెట్టు. ఇంతే చెప్పగలిగాను. అతను తల ఊపాడు.

పేరు తేల్చుకోలేని మొక్క మీకు తగిలితే ఇట్లా చేయండి. నాలుగైదు నిండు మొక్కలు వేరుతో సహా తీయండి, పువ్వు ఉంటే పువ్వుతో. సీసాలో సగమే నీళ్ళు పోసి వేయండి. నిండా పోస్తే నలిగి గుర్తులు పోతాయి. పక్కన రూపాయి నాణెం పెట్టి పైనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి ఫొటో తీయండి. ఎండబెట్టి దాచాలంటే పళ్ళెం నీళ్ళలో మొక్క తేలుతుండగా అడుగునుంచి కాగితం జొనిపి మెల్లగా పైకెత్తి, పాత వార్తాపత్రికల మధ్య బరువు పెట్టండి. తేదీ, చోటు, నీరు నిలిచేదా పారేదా, మురుగు కలుస్తుందా అన్నది రాయండి. రైతు వేదికలోని విస్తరణాధికారికి చూపండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖలో తెలిసినవారు ఉంటారు. ఫోనులో అడగాలంటే 2004 నుంచి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551. అడగడానికి సిగ్గు పడనక్కరలేదు. పండితులే పొరబడిన మొక్క ఇది.

విస్తరణాధికారి మిత్రులకు ఒక్క మాట. రైతు ఫోనులో బొమ్మ చూపి 'ఇది అజొల్లానా?' అంటే, బొమ్మ చూసి అవునని చెప్పకండి. మొక్కను తెప్పించి, పళ్ళెంలో వేసి, అద్దం పెట్టి, రైతు చేతనే చూపించండి. ఒకసారి కవ్వాన్ని తన కంటితో చూసినవాడు ఇక పొరబడడు. ఆ ఊరిలో మరి పది మందికి తానే చెపుతాడు.

సంక్రాంతి ముందు నాచారం పెద్దమనిషి కబురు చేశారు. తొట్టిలో రేకు కనపడి నెల దాటిందట. కలువ రెండు మొగ్గలు తొడిగిందట. పాలతని మడి మొదటిసారి ఎర్రబడితే భయపడి వచ్చాడు. నీడ సరిచేసి సూపర్ ఫాస్ఫేటు వేయించాము. ఇప్పుడు పచ్చగా ఉన్నది. రెండవ మడికి ఇటుకలు తెచ్చుకున్నాడు.

కాబట్టి సోదరులారా, నీటిమీద కొత్త పచ్చదనం కనిపిస్తే మూడు పనులు చేయవద్దు. పశువుకు పెట్టవద్దు, చెరువులో వేయవద్దు, మందు చల్లవద్దు. ముందు పళ్ళెంలో వేసి చూడండి. పేరు తెలిసిన తరువాత ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది.